ఒంటరి స్కీ టూరింగ్: ప్రమాదం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు

శీతకాలంలో కొండల్లోకి ఒంటరిగా వెళ్లొద్దని చెప్పని శిక్షకుడు ఉండడు. ఆ మాటకు బుద్ధిగా తలూపి, మర్నాడు తెల్లవారకముందే ఒక్కరే స్కీలు సర్దుకుని బయల్దేరేవాళ్లకూ కొదవ లేదు. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. చాలామంది ఏళ్ల తరబడి మంచులో తిరిగినవాళ్లే. మరి నియమం తప్పా, వీళ్లు తప్పా అని అడిగితే సూటిగా జవాబు రాదు. ఎందుకంటే 'ఒంటరిగా వెళ్తే ప్రమాదం' అనే ఒక్క మాటలో నాలుగైదు వేర్వేరు ప్రమాదాలు మూటగట్టి ఉన్నాయి. వాటిలో కొన్ని ఒంటరితనంతో విపరీతంగా పెరుగుతాయి. కొన్ని ఉన్నచోటే ఉంటాయి. ఒకటి కాస్త తగ్గుతుందని కూడా లెక్కలు సూచిస్తున్నాయి. మూట విప్పి దేనికదే విడిగా చూస్తేనే విషయం తేలుతుంది.

ముందు ఆట సంగతి. లిఫ్టు ఎక్కకుండా సొంత కాళ్ల మీద కొండెక్కి, స్కీల మీద జారుతూ దిగడమే స్కీ టూరింగ్. ఎక్కేటప్పుడు స్కీ అడుగున 'స్కిన్' అనే పొడవాటి పట్టీ అంటిస్తారు. ఒకప్పుడు సీల్ చర్మం వాడేవారు, ఇప్పుడు మోహైర్ (అంగోరా మేక బొచ్చు), నైలాన్‌లతో నేస్తున్నారు. దాని నూగు ఒకే దిక్కుకు వాలి ఉంటుంది కాబట్టి స్కీ ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. బూటు ముక్కు, దాన్ని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లో బిగిసి ఉంటుంది, మడమ మాత్రం అడుగడుగుకీ పైకి లేస్తుంది. 1980ల్లో ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ రెండు పిన్నులతో బూటు ముక్కును పట్టుకునే తేలికపాటి బైండింగ్ తయారుచేశాక ఈ ఆట రూపురేఖలే మారిపోయాయి. పైకి చేరాక స్కిన్లు పీకేసి, మడమ బిగించి దిగడమే. నాలుగు గంటలు ఎక్కినదాన్ని గంటలోపు దిగేస్తారు.

మంచు చరియ ఎందుకు కదులుతుంది

కొండ మీద పడిన మంచంతా ఒకే ముద్ద అనుకుంటాం. నిజానికి అది పొరలు పొరలుగా ఉంటుంది. ప్రతి పొరకూ దాని పుట్టుక, దాని చరిత్ర వేరు. స్కీయర్ల ప్రాణాలు తీసే మంచు చరియల్లో (అవలాంచ్‌లలో) అధిక భాగం 'స్లాబ్' రకానివి. అంటే పైన గట్టిగా అతుక్కున్న మంచు పలక, దాని కింద చక్కెర పలుకుల్లా ఒకదానితో ఒకటి అంటుకోని బలహీనమైన పొర. స్కీయర్ బరువుకు ఆ అడుగు పొర ఒకచోట కూలుతుంది. ఆ కూలడం క్షణాల్లో వాలు మొత్తానికీ పాకుతుంది. అప్పుడు పైనున్న పలక అద్దంలా పగిలి కిందికి జారుతుంది. మనిషి ఆ పలక మధ్యలో ఉంటాడు, అంచున కాదు. అదే అసలు చిక్కు.

ఆ బలహీనమైన పొర ఎలా పుడుతుందో తెలిస్తే ఒక వింత అర్థమవుతుంది. మంచు కప్పిన నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైన గాలి మైనస్ 20 ఉందనుకోండి. మంచు మందం రెండు మీటర్లయితే ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ తేడా. అదే మందం 50 సెంటీమీటర్లే అయితే ప్రతి 10 సెంటీమీటర్లకు 4 డిగ్రీలు. 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ దాటిందంటే మంచులోని ఆవిరి కింది నుంచి పైకి గట్టిగా కదులుతూ రేణువుల్ని కోణాలు తేలిన పలుకులుగా మార్చేస్తుంది. అవి ఒకదాన్నొకటి పట్టుకోవు. కాబట్టి తక్కువ మంచు పడి, ఆపైన వారాలపాటు ఆకాశం నిర్మలంగా ఉండి చలి బిగిసిన సీజన్లో పునాది కుళ్లిపోతుంది. చాలామంది 'మంచే సరిగా పడలేదు, ఇంకేం జారుతుంది' అనుకునేది సరిగ్గా అలాంటి సీజన్లోనే. తర్వాత ఒక పెద్ద తుపాను వచ్చి 40 సెంటీమీటర్ల కొత్త మంచు పోస్తే, ఆ కుళ్లిన పునాది మీద పలక సిద్ధం.

వాలు కూడా కలిసి రావాలి. పలక జారాలంటే సుమారు 30 డిగ్రీల ఏటవాలు ఉండాలి. 30 నుంచి 45 మధ్యే అత్యధిక చరియలు పుడతాయి. అంతకన్నా నిటారుగా ఉన్నచోట మంచు ఎక్కువ పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది. స్కీ చేయడానికి సరదాగా ఉండే వాలు కూడా 30 నుంచి 40 డిగ్రీలే కావడం ఈ ఆటకున్న శాపం. 1:25,000 మ్యాపు మీద 20 మీటర్ల ఎత్తు తేడాతో గీసిన కాంటూరు గీతల మధ్య దూరం 1.4 మిల్లీమీటర్లకు తగ్గిందంటే ఆ వాలు 30 డిగ్రీలు దాటిందని లెక్క. ఇప్పుడు ఫోన్ మ్యాపులు వాలును రంగులేసి మరీ చూపిస్తున్నాయి కానీ, పైన 35 డిగ్రీల వాలు ఉండి, మనం దాని కింద చదునుగా నడుస్తున్నా ప్రమాదం ప్రమాదమే. చదును నేల మీద అడుగేస్తే కూలిన పొర పైదాకా పాకి చరియను రప్పించిన సందర్భాలున్నాయి. కాలికింద 'వుంఫ్' అని బోలు చప్పుడు వినిపించిందా, స్కీ ముక్కు నుంచి మంచులో పగులు గీతలా పరుగెత్తిందా, ఇక ఆ రోజు నిటారు వాలుల జోలికి వెళ్లే ప్రసక్తే లేదు. చరియల ప్రమాదం ఎంతుందో చెప్పే బులెటిన్ ఏం చెప్పినా సరే.

బులెటిన్ అన్నాను కాబట్టి దాని గురించీ ఒక మాట. ఐరోపా దేశాలు 1993 నుంచి ఒకే ఐదు మెట్ల ప్రమాద సూచికను వాడుతున్నాయి. 3 అంటే మధ్యలో ఉంది కదా, మధ్యస్థమే అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో చరియల కింద చనిపోయేవారిలో దాదాపు సగం మంది ఈ 3వ మెట్టు రోజుల్లోనే చనిపోతున్నారు. 4, 5 ఉన్నప్పుడు జనం ఇళ్లలోనే ఉంటారు. 3 ఉన్నప్పుడు ఎండ కాస్తుంది, కొత్త మంచు మెరుస్తుంది, అందరూ బయల్దేరతారు. స్విస్ పర్వత మార్గదర్శి వెర్నర్ ముంటర్ దీనికొక మోటు సూత్రం ఇచ్చాడు: 2వ మెట్టు ఉన్నరోజు 40 డిగ్రీలకన్నా, 3 ఉన్నరోజు 35కన్నా, 4 ఉన్నరోజు 30కన్నా నిటారు వాలు మీదికి వెళ్లొద్దు. మోటుగా ఉంది కాబట్టే పనికొస్తుంది. అలసిపోయిన బుర్రకు కూడా గుర్తుంటుంది.

ఒక్కరుంటే చరియకు తేడా ఉంటుందా

ఇక్కడే మూటలోంచి మొదటి ఆశ్చర్యం బయటపడుతుంది. చరియల్లో చనిపోయేవారిలో పదింట తొమ్మిది మందిని ముంచేది వాళ్లు లేదా వాళ్ల బృందంలోవాళ్లు కదిలించిన చరియే. అంటే కదిలించేది మనిషి బరువు. నలుగురి బరువు కన్నా ఒక్కరి బరువు తక్కువ. ఆల్ప్స్‌లో కొండల్లో తిరిగే బృందాల పరిమాణాన్నీ, చరియల్లో చిక్కుకున్న బృందాల పరిమాణాన్నీ పోల్చిచూసిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. నలుగురూ అంతకన్నా ఎక్కువ మందీ ఉన్న బృందాలు చరియలో చిక్కుకునే అవకాశం ఎక్కువనీ, ఒంటరివాళ్లకూ ఇద్దరిద్దరుగా వెళ్లేవాళ్లకూ తక్కువనీ అందులో తేలింది. బరువు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఒంటరిగా వెళ్లేవాళ్లు మొదటినుంచీ తేలికైన దారులు ఎంచుకోవడం కూడా ఇందులో కలిసి ఉండొచ్చు. ఏదేమైనా 'ఒక్కడివే వెళ్తే చరియ వచ్చి మీద పడుతుంది' అన్నది అలా ఉన్నదున్నట్టుగా నిజం కాదు.

నిజమైన తేడా చరియ ఆగాక మొదలవుతుంది. 1994లో వెలువడిన స్విస్ లెక్కల ప్రకారం మంచులో పూర్తిగా పూడిపోయినవారిలో 15 నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిది మంది బతికేవారు. 35 నిమిషాలయ్యేసరికి పదిమందిలో ముగ్గురే. 2024లో వచ్చిన కొత్త స్విస్ విశ్లేషణ ఆ మొదటి గడువును ఇంకా కుదించి 10 నిమిషాలకు తెచ్చింది. చనిపోయేవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఊపిరాడకే పోతారు, దెబ్బల వల్ల కాదు. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా పది నిమిషాల్లో లోయ దిగువ నుంచి వచ్చి, చోటు కనిపెట్టి, తవ్వి తీయలేదు. ఆ పది నిమిషాలూ పక్కన ఉన్నవాళ్లవే. పక్కన ఎవరూ లేకపోతే ఆ పది నిమిషాలు ఎవరివీ కావు.

అందుకే ఛాతీకి కట్టుకునే బీకన్ విషయంలో ఒంటరివారు తమను తాము మభ్యపెట్టుకోకూడదు. అది 457 కిలోహెర్ట్జ్ మీద సంకేతం పంపుతూ ఉంటుంది, ఇంకొకరి బీకన్ దాన్ని పట్టుకుని దారి చూపుతుంది. ఇంకొకరు లేకపోతే అది పంపే సంకేతం వినేవారుండరు. అయినా కట్టుకునే వెళ్లాలి. అదే వాలు మీద వేరే బృందం ఉండొచ్చు, మీరే ఇంకొకరిని తవ్వి తీయాల్సి రావొచ్చు. ఏదీ కాకపోతే సహాయక దళం ప్రమాదకరమైన చోట గంటల తరబడి వెతికే పని తప్పుతుంది. కఠోరమైన మాటే, కానీ నిజం. ఇటలీలో 2022 జనవరి నుంచి చరియల ముప్పున్న చోట స్కీ టూరింగ్ చేసేవాళ్లకు బీకన్, ప్రోబ్ (పూడినవారి కోసం మంచులో గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), పార తప్పనిసరి చేశారు. తన్ను తాను తవ్వుకోలేని ఒంటరివాడి వీపు మీద కూడా పార ఉండాల్సిందేనన్నమాట. నవ్వొచ్చే నియమంలా కనిపిస్తుంది కానీ, కొండ మీద పార ఎప్పుడూ సొంత ప్రాణం కోసం మోసే వస్తువు కాదు. ఇంకో సంగతి: ఫోన్ బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వేడిచేసే చేతి తొడుగులు, కెమెరాలు కూడా బీకన్ సంకేతాన్ని చెడగొట్టగలవు.

ఒంటరివారికి సొంతంగా పనికొచ్చే పరికరం ఏదైనా ఉందంటే అది పిడి లాగగానే వీపు మీద గాలితో ఉబ్బే సంచి, ఎయిర్‌బ్యాగ్. కదిలే మంచులో పెద్ద వస్తువులు పైకి తేలతాయి. గాలి నిండిన సంచి మనిషిని పెద్ద వస్తువుగా మారుస్తుంది. సంచి తెరుచుకున్నవారిలో మరణాలు సుమారు 22 శాతం నుంచి 11 శాతానికి తగ్గినట్టు 2014లో ఒక అధ్యయనం చూపింది. సగం తగ్గడం చిన్న విషయం కాదు, కానీ మిగిలిన సగం అలాగే ఉంది. పైగా పిడి లాగలేకపోవడం వల్లో, మరో కారణంతోనో అయిదింట ఒకరికి సంచి తెరుచుకోలేదు. కింద రాళ్లూ చెట్లూ ఉంటే, లేదా వాగు గాడిలోకి మంచంతా కుప్పపడే చోటయితే, ఎంత పెద్ద సంచైనా పెద్దగా ఆదుకోదు.

చిన్న దెబ్బ, పెద్ద దూరం

చరియల గురించి ఇంత రాశాక కూడా నా అభిప్రాయం ఒకటే. ఒంటరితనం అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది చరియను కాదు, మామూలు దెబ్బను. ఇద్దరున్నప్పుడు మోకాలు మెలిపడితే ఆ రోజు పాడవుతుంది, అంతే. ఒకరు జాకెట్ కప్పి పక్కన కూర్చుంటారు, ఒకరు ఫోన్ చేస్తారు, వేడి టీ ఫ్లాస్కు ముందుకొస్తుంది. ఒక్కరే ఉన్నప్పుడు అదే మోకాలు మైనస్ 10 చలిలో, సాయంత్రం నాలుగింటికి, ఫోన్ సిగ్నల్ లేని గాడిలో మెలిపడితే అది ప్రాణం మీదికొస్తుంది. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి మైనస్ 21లా తగులుతుంది. ఎక్కుతున్నంతసేపూ శరీరం కొలిమిలా కాలుతుంది కాబట్టి పల్చటి చొక్కా చాలనిపిస్తుంది. ఆగిన మరుక్షణం నుంచి లోపలి చెమట చల్లబడుతుంది. శరీర ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి దిగితే హైపోథెర్మియా. 32 దగ్గరకొచ్చేసరికి వణుకు ఆగిపోవడం మొదలవుతుంది. వణుకు ఆగితే కుదుటపడ్డట్టు అనిపించొచ్చు, నిజానికి అది శరీరం చేతులెత్తేస్తున్న గుర్తు. ఈ మార్పు పక్కవాడికి కనిపిస్తుంది, తనకు తెలియదు. అందుకే ఒంటరివారి సంచిలో మందపాటి జాకెట్, బివీ సంచి (ఆరుబయట ఆగిపోతే ఒళ్లంతా దూర్చుకునే సంచి), కింద పరుచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. మంచు మీద కూర్చున్న మనిషి వేడిని గాలికన్నా నేలే ఎక్కువ లాగేస్తుంది. ఏమీ లేకపోతే స్కీలు, సంచి వేసుకుని వాటి మీదే కూర్చోవడం.

దెబ్బలకు మూలం చాలాసార్లు చిన్న వస్తువే. పిన్ బైండింగ్ ముక్కు దగ్గర ఒక మీట ఉంటుంది. ఎక్కేటప్పుడు దాన్ని పైకి లాగి బిగిస్తే పక్కకు ఒత్తిడి పడినా బూటు ఊడదు. దిగే ముందు దాన్ని విడిపించాలి. మరిచిపోతే పడినప్పుడు స్కీ ఊడదు, కాలు విరుగుతుంది. చరియలో చిక్కితే ఆ స్కీలే కాళ్లకు లంగరులై మంచులోకి లాగుతాయి. దీనికి తిరగేసిన ప్రమాదం మరొకటి ఉంది. మీట కింద మంచు పేరుకుని గట్టిపడితే పిన్నులు పూర్తిగా మూసుకోవు. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, రెండో మలుపులో స్కీ ఊడి లోయలోకి పరుగెడుతుంది. స్కీ పోల్ మొనతో ఆ మంచును గీకి, బూటు పెట్టి, రెండుమూడుసార్లు మడమ ఊపి చూసుకోవాలి. బృందంలో ఉంటే పక్కవాడు 'మీట దించావా' అని అడుగుతాడు. ఒక్కరే ఉన్నప్పుడు పైకి వినపడేలా తమకు తామే అడుక్కునేవాళ్లున్నారు. చూసేవాళ్లు లేరు కాబట్టి ఇబ్బందేమీ లేదు.

స్కిన్లదీ అదే కథ. జిగురు మీద పొడి మంచు పడినా, బాగా చల్లబడినా అంటుకోదు. నడుస్తుంటే తోక దగ్గర ఊడుతుంది, ఊడిన చోట మంచు దూరుతుంది, ఇంకా ఊడుతుంది. అనుభవజ్ఞులు దిగేటప్పుడు స్కిన్లను జాకెట్ లోపల, ఒంటి వేడికి పెట్టుకునేది అందుకే. అయినా ఊడితే స్కీ చుట్టూ రబ్బరు స్ట్రాపులు బిగించి నెట్టుకురావచ్చు. ఆ స్ట్రాపులు విరిగిన పోల్‌కు, తెగిన బూటు బకిల్‌కు, ఆఖరికి విరిగిన కాలికి కట్టుగా కూడా పనికొస్తాయి. నాలుగు స్ట్రాపులు, చిన్న స్క్రూడ్రైవరు, కొంచెం తీగ, పోల్‌కు చుట్టిన టేపు. మామూలు బృందంలో ఇవన్నీ ఎవరో ఒకరి దగ్గర ఉంటాయి. ఒంటరివారికి 'ఎవరో ఒకరు' తామే.

తోవ తొక్కే పని

తాజా మంచులో ముందు నడిచేవాడు తోవ తొక్కుతాడు, వెనకవాళ్లు ఆ గాడిలో తేలిగ్గా నడుస్తారు. అందుకే బృందంలో వంతులేసుకుంటారు. ఒక్కరే అయితే వంతు మారదు. దీనివల్ల సమయం లెక్క తప్పుతుంది, లెక్క తప్పితే వెలుతురు తప్పుతుంది. సమయం అంచనాకు కూడా ముంటర్ పేరుతోనే ఒక సూత్రం చలామణిలో ఉంది. దూరం కిలోమీటర్లలో, ఎక్కే ఎత్తు వంద మీటర్ల లెక్కన తీసుకుని కలపాలి, దాన్ని 4తో భాగించాలి. ఉదాహరణకు 6 కిలోమీటర్లు, 1000 మీటర్ల ఎత్తు. 6కు 10 కలిపితే 16, నాలుగుతో భాగిస్తే 4 గంటలు. మోకాలి లోతు మంచులో ఒక్కరే తోవ తొక్కుతుంటే 4 బదులు 3తో, మరీ లోతైతే 2తో భాగించడం మంచిది. 3తో అయితే 5 గంటల 20 నిమిషాలు, 2తో అయితే 8 గంటలు. ఆల్ప్స్ అక్షాంశాల్లో డిసెంబరు ఆఖరున పగలు సుమారు ఎనిమిదిన్నర గంటలే. కాబట్టి బృందంతో హాయిగా చేసే దారి ఒంటరిగా అదే రోజుల్లో అసలు కుదరకపోవచ్చు. ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంటి దగ్గరే నిర్ణయించుకుని రావాలి. శిఖరం ఎంత దూరంలో ఉందో చూసి తిరిగే టైము నిర్ణయించుకునేవాడు ఎప్పుడూ ఆలస్యమే.

వసంతంలో లెక్క తిరగబడుతుంది. రాత్రి గడ్డకట్టిన పైపొర పొద్దుటే గట్టిగా, భద్రంగా ఉంటుంది. ఎండకు మెత్తబడ్డాక తడి చరియలు మొదలవుతాయి. చీకట్లో బయల్దేరి మధ్యాహ్నానికి ముందే దిగిపోతే సరి. నా మట్టుకు ఒంటరివారికి అనువైన కాలం ఇదే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి మంచు బాగా గట్టిపడిందా లేదా అన్నది బూటుతో తొక్కి తెలుసుకోవచ్చు. నడిశీతకాలపు కుళ్లిన పొరలు అలా పైకి కనిపించవు.

మేఘం కమ్మి నేలా ఆకాశం ఒకే తెలుపైపోయినప్పుడు ఎదురుగా ఎవరైనా నడుస్తుంటే వాలు ఎటుందో తెలుస్తుంది. ఒక్కరే అయితే కదులుతున్నామో ఆగామో కూడా తెలియక కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఒక మంచు ముద్ద ముందుకు విసరాలి. అది ఆగితే ముందు నేలుంది. కనిపించకుండా పోతే అంచుంది. జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెబుతుంది కానీ, మూడడుగుల ముందు గాలి పోసిన మంచు చూరు వేలాడుతోందని చెప్పదు. హిమానీనదాల మీద సంగతి ఇంకా సూటిగా ఉంది. బీటల మీద మంచు వంతెనలు కప్పుకుని ఉంటాయి, తాడు పట్టుకునేవాడు లేకుండా తాడు దండగ. స్కీలు బరువును పరచడం వల్ల కొంత మేలే కానీ, పడినవారిని లాగేవాళ్లుండరు. ఒంటరిగా హిమానీనదం వద్దు, అంతకుమించి దీని మీద చర్చ అక్కర్లేదు. దట్టమైన దేవదారు చెట్ల మొదళ్ల చుట్టూ ఏర్పడే మెత్తటి మంచు గుంటల్లో తలకిందులుగా పడితే సొంతంగా బయటపడటం దాదాపు అసాధ్యం. చెట్ల మధ్య స్కీ చేయడం చరియల నుంచి కొంత రక్షణే అయినా, లోతైన కొత్త మంచు రోజున ఒంటరివారికి మాత్రం కాదు.

అడిగేవాడు లేని బుర్ర

చరియ ప్రమాదాల మీద పనిచేసిన అమెరికా పరిశోధకుడు ఇయాన్ మెకామన్ 2000ల తొలినాళ్లలో వందలాది ప్రమాదాలను తిరగేసి, తెలిసినవాళ్లే ఎందుకు తప్పుచేస్తారో చూశాడు. తెలిసిన వాలు కదా అన్న ధీమా, ఇంతదూరం వచ్చాక తిరిగెళ్లడమా అన్న పట్టుదల, ఇతరుల ముందు మెప్పు, 'వాడికి తెలుసులే' అని ఒకరి మీద వదిలేయడం, మనకన్నా ముందు ఇంకెవరో ఆ తాజా మంచును తొక్కేస్తారేమోనన్న తొందర, పక్క బృందం ఎక్కుతోంది కదా అన్న భరోసా. ఈ జాబితా చూస్తే మెప్పు, వాడికి తెలుసులే అనే రెండూ ఒంటరివారికి దాదాపు పోతాయి. ఎవరినీ మెప్పించనక్కర్లేదు, ఎవరి మౌనాన్నీ అంగీకారంగా తీసుకోనక్కర్లేదు, తిరిగి వెళ్దామంటే బతిమాలనక్కర్లేదు. ఒంటరిగా వెళ్లేవాళ్లు తమకు ఇష్టమని చెప్పే స్వేచ్ఛ ఇదే, అది ఉత్తుత్తిది కాదు.

మిగిలినవి మాత్రం పెరుగుతాయి. ఒకరు 'ఆ ఎండ తగిలే వాలు చూశావా' అని అడిగితే ఇంకొకరు కనీసం తలెత్తి చూస్తారు. ఒంటరి బుర్ర తనకు నచ్చిన సాక్ష్యాన్నే ఏరుకుంటుంది. పైగా ఈ ఆటలో అనుభవమే సరిగ్గా నేర్పదు. చెడ్డ నిర్ణయం తీసుకున్నా చాలాసార్లు ఏమీ జరగదు. వాలు కదలదు, మంచి పరుగు దొరుకుతుంది, బుర్ర దాన్ని మంచి నిర్ణయంగా రాసుకుంటుంది. కొండ తప్పును వెంటనే దిద్దదు. బృందంలో అయితే దిగాక ఎవరో ఒకరు 'అక్కడ మనం అదృష్టం కొద్దీ బయటపడ్డాం' అంటారు. ఒంటరివాడికి ఆ మాట చెప్పేవారుండరు. కొందరు దీనికి చేసేదేమిటంటే, బయల్దేరేముందు రాత్రే దారి, వెనక్కి తిరిగే కారణాలు కాగితం మీద రాసుకుంటారు. ఫలానా వాలు మీద కొత్త మంచు ఇంత దాటితే వెళ్లను, గాలి ఇంత దాటితే కొండ వెన్ను (రిడ్జ్) దాటను అని. పైన నిర్ణయం తీసుకోవాల్సిన పని లేకుండా, కింద తీసుకున్న నిర్ణయాన్ని పాటించడమే మిగులుతుంది. ఇది చాదస్తంలా కనిపించినా, అడిగేవాడు లేనప్పుడు అడిగే పని చేసేది ఆ కాగితమే.

ఫోన్, శాటిలైట్, ఇంటి దగ్గర మనిషి

అత్యవసర నంబరు 112 దాదాపు ఐరోపా అంతటా పనిచేస్తుంది, కానీ లోతైన లోయల్లో సిగ్నల్ ఉండదు. 406 మెగాహెర్ట్జ్ మీద శాటిలైట్‌కు ఆపద సంకేతం పంపే బీకన్లు (ఛాతీకి కట్టుకునే చరియల బీకన్ వేరు), శాటిలైట్ మెసెంజర్లు ఆ లోటు తీరుస్తాయి. 2022 నుంచి కొన్ని ఫోన్లు కూడా శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపగలుగుతున్నాయి. వీటన్నిటికీ తెరిచి ఉన్న ఆకాశం కావాలి. ఇరుకైన గాడిలో సందేశం వెళ్లడానికి చాలాసేపు పట్టవచ్చు. చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో ఉంచాలి. పరికరం సంచిలో ఉండి, సంచి పది మీటర్ల కింద పడి ఉంటే ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. అత్యవసర పరికరం ఒంటి మీదే ఉండాలి.

ఇవేవీ లేకపోయినా పనికొచ్చేది ఒకటుంది. ఆల్ప్స్‌లో 1894 నుంచి వాడుకలో ఉన్న ఆపద సంకేతం: నిమిషంలో ఆరుసార్లు విజిల్ లేదా లైటు, ఒక నిమిషం విరామం, మళ్లీ ఆరుసార్లు. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ పైకెత్తి నిలబడితే సహాయం కావాలని అర్థం, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందికీ ఉంటే అక్కర్లేదని.

అయితే స్పృహ తప్పినవాడు ఏ మీటా నొక్కలేడు. అందుకే ఒంటరి ప్రయాణంలో అసలైన భాగస్వామి లోయలో ఉంటాడు. ఎక్కడ కారు పెట్టారు, ఏ దారిన వెళ్తున్నారు, అది బాగోకపోతే ఏ రెండో దారి, వేసుకున్న జాకెట్ రంగు ఏమిటి, ఇవన్నీ ఆ మనిషి దగ్గర రాతలో ఉండాలి. 'సాయంత్రానికి వచ్చేస్తా' అనేది ప్రణాళిక కాదు. రెండు టైములు చెప్పాలి: వస్తానని అనుకునే టైము, రాకపోతే సహాయక దళానికి ఫోన్ చేయాల్సిన టైము.

ఈ రెండో టైము ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చాలామంది పొరబడతారు. అనవసరంగా కంగారు పెట్టకూడదని ఏ రాత్రి ఏడింటికో పెడతారు. అప్పటికి చీకటి పడి ఉంటుంది, హెలికాప్టర్ ఎగరడం కష్టమవుతుంది, కాలినడకన వచ్చే దళం చీకట్లో, అదే చరియల వాలు కింద నడవాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు దిగాల్సిన మనిషికి అలారం టైము మూడింటికి పెడితే ఇంకా కొంత వెలుతురు మిగిలి ఉంటుంది. దీనికోసం మొత్తం ప్రయాణమే ముందుకు జరగాలి. తెల్లవారకముందే బయల్దేరాలి, చిన్న దారి ఎంచుకోవాలి. దారిలో మనసు మార్చుకుని కాగితం మీద లేని వాలు దిగితే ఇంటి దగ్గరున్న మనిషి చెప్పే చోటు, వెతకాల్సిన చోటు వేరైపోతాయి. కాబట్టి దిగువకు రాగానే బూట్లు విప్పకముందే 'వచ్చేశాను' అని సందేశం పెట్టాలి. అది మరిచిపోయి కాఫీ తాగుతూ కూర్చున్నవాడి కోసం కొండ మీద దళం తిరగడం మొదలైతే, అంతసేపూ ఇంకెక్కడో నిజంగా ఆపదలో ఉన్నవారికి ఆ దళం అందదు.